‘లోభం’లో ఇమడని గ్రీకు మాట

తండ్రి ఆస్తిలో నా పాలు పంచమని మా సోదరుడికి చెప్పండి అంటూ గుంపులోంచి ఒకడు యేసును అడుగుతాడు. లూకా సువార్త 12వ అధ్యాయంలోని తగవు ఇది. ‘ఏవిధమైన లోభమునకు ఎడమియ్యక జాగ్రత్తపడుడి’ అని తెలుగు బైబిల్లో యేసు మాట. గ్రీకులో అక్కడున్న పదం ప్లియోనెక్సియా.

లోభి అనగానే మనకు పిసినారి గుర్తొస్తాడు. తినడు, ఒకరికి పెట్టడు. ప్లియోనెక్సియా ఆ గుణం కాదు. ‘ప్లియోన్’ అంటే ఎక్కువ, ‘ఎఖెయిన్’ అంటే కలిగి ఉండటం. తన వంతుకు మించి తీసుకోవడమన్నమాట. దున్నినప్పుడల్లా పొలం గట్టును పక్కవాడి వైపు ఒక చాలు జరిపేవాడు ఉంటాడే, అతనికి సరిగ్గా సరిపోతుంది. పిసినారితనంలో కడుపు మాడేది సొంత ఇంట్లోవాళ్లకి. ఇందులో నష్టపోయేవాడు గట్టు అవతల ఉన్నాడు.

క్రీస్తుకు మూడు వందల ఏళ్లకు పైగా ముందే అరిస్టాటిల్ తన నీతిశాస్త్రం ఐదో భాగంలో దీన్ని అన్యాయం కింద చర్చించాడు. డబ్బొక్కటే కాదు, గౌరవంలోనైనా భద్రతలోనైనా ఎక్కువ పాలు లాక్కుంటే ఇదే.

డబ్బు మీది మోజుకు గ్రీకులో వేరే మాట ఉంది: ఫిలార్గిరియా, అక్షరాలా ‘వెండి మీద ప్రేమ’. తిమోతికి రాసిన మొదటి పత్రికలో ‘సమస్తమైన కీడులకు మూలము’ అన్నది దాన్నే. కొలొస్సయులకు రాసిన పత్రికలో విగ్రహారాధన అన్నది మాత్రం ప్లియోనెక్సియాను. తెలుగులో రెండుచోట్లా ‘ధనాపేక్ష’ అనే ఉంది. అనువాదకుల్ని నేను తప్పుపట్టను, కానీ అక్కడ పక్కవాడి పాలు కనిపించకుండా పోయింది.

2వ శతాబ్దంలో స్ముర్న బిషప్పు పొలికార్పు ఫిలిప్పీ సంఘానికి రాసిన ఉత్తరంలోనూ ఇదే చిక్కు. వాలెన్స్ అనే సంఘపెద్ద దారి తప్పాడని ఆయన బాధపడతాడు. శత్రువులా చూడకండి, వెనక్కి పిలవండి అని బతిమాలతాడు. ఆ భాగం లాటిన్ అనువాదంలోనే మిగిలింది, అక్కడున్న మాట ‘అవారిటియా’, అంటే దురాశ. వాలెన్స్ డబ్బుకు ఆశపడ్డాడా, ఇంకొకరి సొమ్ము తిన్నాడా? గ్రీకు మాట దొరికితే కొంతైనా తేలేది.

4వ శతాబ్దంలో కైసరియ బిషప్పు బాసిల్ మళ్లీ లూకా 12కే వచ్చాడు. కొట్లు పడగొట్టి ఇంకా పెద్దవి కట్టుకుంటానన్న ధనవంతుడి మీద ప్రసంగిస్తూ, ప్లియోనెక్టేస్ (ప్లియోనెక్సియా ఉన్నవాడు) ఎవరు అని అడిగి, ఉన్నదానితో సరిపెట్టుకోనివాడు అన్నాడు. నువ్వు దాచుకున్న రొట్టె ఆకలిగొన్నవాడిది, నీ పెట్టెలోని అంగీ బట్టల్లేనివాడిది, నీ ఇంట్లో పాడైపోతున్న చెప్పులు చెప్పుల్లేనివాడివి అని ఒక్కొక్కటీ లెక్కపెట్టి చెప్పాడు.