కాలువకి తోక చూడాలి

చిన్నీకి, నానీకి,

అమ్మమ్మ ఆశీస్సులు.

చిన్నీ, నీ ఉత్తరం అందింది. రోజూ ఫోన్లో మాట్లాడే పిల్ల కాగితం మీద రాసిందంటే, దీనికి మార్కులున్నాయని అప్పుడే అర్థమైంది. ఆరో తరగతి సోషల్లో స్థానిక స్వపరిపాలన పాఠం వచ్చిందనీ, మీ క్లాసులో ఉత్తుత్తి మునిసిపల్ కౌన్సిల్ పెట్టారనీ, నువ్వే చైర్‌పర్సన్‌వనీ రాశావు. సంతోషం. పార్కు, స్విమ్మింగ్ పూల్, ప్రతి వీధిలో సీసీ కెమెరాలు, ఊరి మధ్యలో పెద్ద గడియారం, ఇవన్నీ పది నిమిషాల్లో పాసయ్యాయట. మా కౌన్సిల్లోనూ పది నిమిషాల్లో పాసైన అంశాలు ఉండేవమ్మా. అవి మేం చదవకుండా చేతులెత్తినవి.

నానీ, నువ్వు అక్క పక్కన కూర్చుని విను. మధ్యలో మురుగు కాలువ కథ వస్తుంది, అది నీకోసమే.

నేను 1995లో కౌన్సిలర్‌నయ్యాను. దానికి రెండేళ్ల ముందు, 1993లో, 74వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది. పట్టణాల్లో ఐదేళ్లకోసారి ఎన్నికలు పెట్టాలనీ, సీట్లలో మూడో వంతు ఆడవాళ్లకివ్వాలనీ అందులో ఉంది. ఇప్పుడు ఆంధ్రాలో అది సగానికి పెరిగింది. మా వార్డు మహిళలకు వచ్చింది కాబట్టి నన్ను నిలబెట్టారు, అంతే. దేశసేవ చేద్దామని నేనేం కలలు కనలేదు. మొదటి మీటింగుకి మీ తాతయ్య స్కూటర్ మీద దింపి, వెనక బెంచీ మీద కూర్చున్నారు. కాంట్రాక్టర్లు, ఆఫీసు వాళ్లు వచ్చి నాకు నమస్కారం పెట్టి ఆయనతో మాట్లాడేవాళ్లు. మూడో మీటింగుకి ఆయన్ని రావద్దన్నాను. ఆయనకీ హాయిగానే ఉందనుకుంటా, మధ్యాహ్నం నిద్ర దొరికింది.

కౌన్సిల్ హాలంటే మీరు టీవీలో చూసే అసెంబ్లీ లాంటిది కాదు. గుర్రపు నాడా ఆకారంలో బల్లలు, మూల ఒక ఫ్యాను, మధ్యలో స్టీలు ప్లేట్లలో మిక్చరు, బిస్కెట్లు. ముందుగానే మన ఇంటికి ఎజెండా కాగితాలు పంపుతారు. అప్పట్లో సైక్లోస్టైల్ ప్రతులు, వేలికి సిరా అంటేది. అంశానికో నంబరు, కింద నాలుగు లైన్ల వివరం, దాని కింద 'కౌన్సిల్ వారి ఆమోదం నిమిత్తం' అని ఒక ముక్క. కమిషనర్ గారి ఆఫీసు తయారు చేస్తుంది, కౌన్సిలర్లం చర్చిస్తాం, ఒప్పుకుంటే తీర్మానం. ఎమ్మెల్యే, ఎంపీ కూడా ఇందులో సభ్యులే, వాళ్లు వచ్చిన రోజున హాలు నిండుగా ఉండేది.

మీ పాఠంలో రాజ్యాంగం 12వ షెడ్యూలు అని ఉంటుంది చూడు. పట్టణ సంస్థలకు అప్పగించదగ్గ 18 పనులు అందులో ఉన్నాయి. రోడ్లు, మంచినీళ్లు, చెత్త, మురికివాడల బాగు, పార్కులు, వీధి దీపాలు, శ్మశానాలు, బందెలదొడ్లు, జనన మరణాల లెక్కలు. నానీ, నువ్వు పుట్టావని ప్రభుత్వానికి తెలిసింది కూడా ఆ లెక్కలోనే. పరీక్ష కోసం అన్నీ బట్టీ పట్టు, తప్పులేదు. కానీ ఆ జాబితా చూసి మునిసిపాలిటీ అంటే అర్థమైందనుకోవద్దు. నాకు అర్థమైంది కాలువ దగ్గర.

మా వార్డులో చింతచెట్టు సందుకి కాలువ లేదు. ఇళ్లలో వాడిన నీళ్లన్నీ రోడ్డు మీదే. ఓట్లడగడానికి వెళ్లినప్పుడు ఒక ముసలామె నా చీర కుచ్చిళ్లు చూపించి, 'ముందు ఆ బురద కడుక్కో తల్లీ, తర్వాత ఓటడుగు' అంది. గెలిచాక ప్రతి మీటింగులోనూ ఆ సందు పేరే ఎత్తాను. ఒకసారి బల్ల గుద్దాను కూడా. చివరికి ఎజెండాలో వచ్చింది, సైడు కాలువ నిర్మాణం, 120 మీటర్లు. ఎస్టిమేటు, టెండరు, కొబ్బరికాయ, అన్నీ అయ్యాయి. సిమెంటు కాలువ నున్నగా, తెల్లగా, కొత్త స్టీలు బిందెలా మెరిసింది. రోజుకోసారి వెళ్లి చూసుకునేదాన్ని.

శ్రావణంలో వాన పడింది. రాత్రి పదకొండింటికి తలుపు కొట్టారు. వెళ్లి చూస్తే సందు చివరి నాలుగిళ్లలో మోకాలిలోతు నీళ్లు. ఆ నీళ్లు సందులోంచి బయటికి పోవడం లేదు, బయటి నుంచి సందులోకి వస్తున్నాయి. మంచాల మీద పిల్లల్ని, పిల్లల మీద బియ్యం మూటల్ని పెట్టుకుని కూర్చున్నారు. కాలువ లేనప్పుడు బురద ఉండేది. నేను కట్టించాక వరద వచ్చింది.

తెల్లారాక శానిటరీ మేస్త్రి వచ్చాడు. ఆ ఊళ్లో ముప్పై ఏళ్లు కాలువలు తీసిన మనిషి. తాపీమేస్త్రిని పిలిచి లెవెల్ ట్యూబు తెప్పించాడు. నానీ, ఇది నువ్వు ఇంట్లో కూడా చేయొచ్చు. లోపలి నీళ్లు కనపడే సన్నటి ప్లాస్టిక్ గొట్టం, నిండా నీళ్లు, బుడగలు ఉండకూడదు. ఒక కొస నువ్వు పట్టుకో, ఇంకో కొస అక్క పట్టుకుంటుంది. మీరెంత దూరంలో నిలబడ్డా రెండు కొసల్లో నీళ్లు ఒకే మట్టంలో నిలుస్తాయి. ఆ మట్టం నుంచి నేల ఎంత కిందుందో రెండు చోట్లా కొలిస్తే ఏది ఎత్తో, ఏది పల్లమో తేలిపోతుంది. అలా ముక్కలు ముక్కలుగా కొలుచుకుంటూ సందు మొదలు నుంచి పెద్ద కాలువలో కలిసే చోటు దాకా వెళ్లారు. అక్కడ రోడ్డు కింద పాత తూము ఉంది. ఆ తూము అడుగు మా కొత్త కాలువ అడుగు కంటే జానెడు ఎత్తులో ఉంది.

మేస్త్రి నా మొహం చూడకుండా అన్నాడు: 'అమ్మా, కాలవ కట్టేటప్పుడు తల కాదు, తోక చూడాల.'

తోక ఎందుకు చూడలేదంటే, ఆ తూము పక్క వార్డులో ఉంది. నేను అడిగింది మా వార్డు వరకే. ఎస్టిమేటు వేసినవాళ్లూ అడిగినంతవరకే వేశారు. ఎజెండా కాగితంలో 'సందు మొదలు నుంచి వార్డు సరిహద్దు వరకు' అని స్పష్టంగానే రాసి ఉంది. సంతకం పెట్టింది నేనే. సరిహద్దు తర్వాత నీళ్లెక్కడికి పోతాయని ఒక్క ముక్క అడిగుంటే సరిపోయేది. బల్ల గుద్దడానికున్న ఓపిక ఆ ఒక్క ప్రశ్నకి లేకపోయింది.

తూము పగలగొట్టి కిందికి దింపడానికి మా కాలువ కంటే ఎక్కువ ఖర్చు. పక్క వార్డు కౌన్సిలర్ లేచి, మీ సందు కోసం మా వార్డు డబ్బు ఎందుకివ్వాలన్నాడు. ఆయన స్థానంలో నేనున్నా అదే అనేదాన్ని. రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లూ వాన మబ్బు పడితే నాకు అన్నం సహించేది కాదు.

ఇక డబ్బు సంగతి. నీ ఉత్తరంలో అన్నీ ఉన్నాయి, ఇదొక్కటే లేదు. కట్టడానికి డబ్బు ఎలాగో వస్తుందమ్మా. ఏదో పథకం, ఏదో గ్రాంటు. 2021 నుంచి 2026 దాకా 15వ ఆర్థిక సంఘం చిన్న పట్టణాలకిచ్చిన గ్రాంటులో నూటికి 60 రూపాయలు తాగునీటికీ, పారిశుద్ధ్యానికే వాడాలని షరతు పెట్టింది. కట్టినదాన్ని రోజూ నడపడానికి మాత్రం ఎవరూ ఇవ్వరు. మా హయాంలో బస్టాండు దగ్గర మరుగుదొడ్లు కట్టారు. శిలాఫలకం మీద పదకొండు పేర్లు, అందులో నాది ఎనిమిదోది. ఆరు నెలల్లో తాళం పడింది. కరెంటు బిల్లు ఎవరు కట్టాలి, కడిగే మనిషికి జీతం ఏ పద్దులో ఇవ్వాలి అన్నది ఎజెండాలో లేదు. ఫలకం ఇంకా ఉంది, తుడిచి చూస్తే నా పేరు కనబడుతుంది. బస్సు దిగిన ఆడవాళ్లు మాత్రం ఎదురుగా హోటల్ వాళ్లని బతిమాలుకోవాలి.

నడపడానికి కావలసింది ఊరి సొంత డబ్బు, అంటే ఆస్తి పన్ను, నీటి పన్ను, షాపుల అద్దెలు. ఒకే మీటింగులో మేం పన్ను పెంపు అంశాన్ని ఏకగ్రీవంగా వాయిదా వేసి, ఆ తర్వాతి అంశంలో చెత్త ట్రాక్టర్లు చాలడం లేదని కమిషనర్ గారి మీద గంట అరిచాం. నేనూ అరిచాను. పన్ను పెంచుతామని చెప్పి ఓటు ఎలా అడుగుతాం? ఈ మధ్య జరిగింది మీకూ గుర్తుండొచ్చు. ఆంధ్రాలో 2021లో ఇంటింటి చెత్త సేకరణకి నెలనెలా రుసుము పెట్టారు, జనం దానికి 'చెత్త పన్ను' అని పేరు పెట్టేశారు, 2024లో రద్దయింది. రుసుము పోయినా చెత్త పోలేదు. రోజూ పొద్దున్నే ఈల వేసుకుంటూ బండి వస్తూనే ఉంది, దాని డీజిల్‌కి ఎక్కడో ఒకచోట నుంచి డబ్బు రావాలి.

అలాగని పన్ను వేసినవాడల్లా మంచివాడు, కట్టనివాడల్లా చెడ్డవాడు కాదు. నా పుట్టిల్లు చీరాల అని మీకు తెలుసుగా. 1919లో మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాల గ్రామాల్ని కలిపి మునిసిపాలిటీ చేసింది. అంతకు ముందు యూనియన్‌గా, అంటే పంచాయతీ లాంటి చిన్న సంస్థగా, ఉన్నప్పుడు ఊరి పన్ను ఏడాదికి నాలుగు వేలు, మునిసిపాలిటీ అయ్యేసరికి నలభై వేలు. ఎక్కువమంది నేతపని వాళ్లు. మాకీ మునిసిపాలిటీ వద్దు మొర్రో అన్నారు, వినలేదు. కౌన్సిలర్లు రాజీనామా చేస్తే జీతమిచ్చి ఒక చైర్మన్‌ని కూర్చోబెట్టారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు, ఆంధ్రరత్న అంటారే ఆయన, జనం ముందు నిలబడ్డారు. 1921 ఏప్రిల్‌లో గాంధీగారు వచ్చి, అహింసతో పన్ను నిరాకరించడం ఒక దారి, ఊరే ఖాళీ చేసి వెళ్లడం ఇంకో దారి అన్నారు. జనం లేని ఊళ్లో మునిసిపాలిటీ ఎవరి మీద పెత్తనం చేస్తుంది? పదిహేను వేల జనాభాలో చాలామంది మూటాముల్లె సర్దుకుని ఊరి బయట రామ్‌నగర్ అనే కొత్త ఊరు కట్టుకుని పదకొండు నెలలు ఉన్నారు.

మా నాయనమ్మకి అప్పుడు పదహారేళ్లు. పందిట్లో ఎండ, తాటాకుల్లోంచి కారే వాన, ఇసకలో దిగబడే మగ్గం గుంజలు, వీటి గురించే చెప్పేది. స్వరాజ్యం మాట ఆమె నోట నేను ఎక్కువ వినలేదు. 'మమ్మల్ని అడక్కుండా ఏశారే' అనేది, అంతే. చివరికి తిరిగి వచ్చారు, పన్ను కట్టారు. ఇప్పుడు చీరాలలో కుళాయి రాకపోతే జనం వెళ్లి నిలదీసేది మునిసిపాలిటీనే. నాయనమ్మ వింటే నవ్వుకునేది.

నేనైతే ఏటా ఏప్రిల్‌లోనే ఏడాది పన్నంతా కట్టేస్తాను, 5 శాతం తగ్గిస్తారు. రసీదులో గ్రంథాలయ సెస్సు అని ఒక గడి ఉంటుంది. ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు. ఎండాకాలం సెలవుల్లో మీరిద్దరూ ఫ్యాను కింద చందమామ పాత సంచికలు తిరగేసే లైబ్రరీ ఉందే, అది ఆ పైసల మీదే నడవాలి. మునిసిపాలిటీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకి పంపాలి. పంపారా లేదా అని కౌన్సిల్లో అడిగినవాళ్లని ఐదేళ్లలో ఒక్కరినీ చూడలేదు. నేనూ అడగలేదు. అప్పటికి ఆ గడి చదవలేదు.

చిన్నీ, ఇప్పుడు నీ స్విమ్మింగ్ పూల్‌కి వద్దాం. రద్దు చేయమనను. రెండో మీటింగులో ఆ అంశాన్ని మళ్లీ ఎజెండాలో పెట్టు. వెనక బెంచీలో మాట్లాడకుండా కూర్చునే పిల్ల ఒకరుంటారుగా, ఆమెను శానిటరీ మేస్త్రిని చెయ్యి, ముందు ఆమెతో మాట్లాడించు. పూల్లో నీళ్లు ఎన్నాళ్లకోసారి మార్చాలి, ఆ నీళ్లు ఏ కుళాయిల వంతు నుంచి తీయాలి, మార్చిన నీళ్లు ఎటు పోతాయి? ఎవరైనా బల్ల గుద్దితే గుద్దనివ్వు, తర్వాత ఆ కాగితం వాళ్ల చేతికిచ్చి పైకి చదవమను.

సెలవుల్లో వచ్చినప్పుడు చింతచెట్టు సందు చూపిస్తాను. చెట్టు లేదు, కాలువ ఉంది. తూము దగ్గర నిలబడి నానీ ఒక కాగితం పడవ వదలాలి, అది ఎటు పోతుందో మనం ముగ్గురం చూద్దాం.

ఇట్లు,
మీ అమ్మమ్మ

తా.క.: లెవెల్ ట్యూబు కోసం మీ నాన్న వాషింగ్ మిషన్ గొట్టం పీకొద్దు. హార్డ్‌వేర్ షాపులో అడిగితే మీటర్ల లెక్కన ఇస్తారు.