రెండో గేరు ఊడిపోతోందా? లివరు మీంచి కాలు తీయండి

కోనసీమలో బండి మీద మనిషొక్కడే వెళ్ళడం తక్కువ. వెనక చెరువుకి మేత బస్తా, లేకపోతే రెండు పక్కలా కొబ్బరికాయల గోనెలు. కోటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు దిగి బరువుతో గట్టెక్కుతుంటే మా వంద సీసీ బండి రెండో గేరు టక్కున ఊడిపోయి, ఇంజను ఊరికే గోల పెట్టేది. నేను చేసిన తెలివైన పనేమిటంటే లివరుని కాలితో తొక్కిపట్టి రెండు నెలలు నడిపేయడం.

ముందు ఇది క్లచ్ జారడమా, గేరు ఊడడమా అన్నది తేల్చుకోవాలి. క్లచ్ జారితే ఇంజను అరుస్తుంది, స్పీడు పెరగదు, కానీ యాక్సిలేటర్ తగ్గిస్తే మళ్ళీ పట్టుకుంటుంది. గేరు ఊడితే లివరు కదిలిన సంగతి కాలికే తెలుస్తుంది, మళ్ళీ వేసేదాకా బండి లాగదు.

గేరు పళ్ళు అరిగిపోయాయేమో అనుకుంటాం కదా, ఎక్కువసార్లు తప్పు వాటిది కాదు. బైకులో గేర్ల పళ్ళు ఎప్పుడూ ఒకదాంట్లో ఒకటి కలిసే తిరుగుతుంటాయి. ప్రతి జతలో ఒక గేరు మాత్రం షాఫ్టు మీద ఉత్తినే తిరుగుతుంది. మనం గేరు వేసినప్పుడు ఫోర్కు, అంటే గాడిలో కూర్చుని గేరుని పక్కకి తోసే కవ లాంటి ముక్క, పక్క గేరుని జరుపుతుంది, దాని పక్కనున్న గుబ్బలు, అంటే డాగ్‌లు, ఈ ఉత్తి గేరు గాడుల్లోకి దూరతాయి. అసలు కిటుకంతా ఆ గుబ్బల అంచుల్లో ఉంది. అవి నిటారుగా ఉండవు, కంటికి ఆననంత కొంచెం లోపలికి వాలి ఉంటాయి, అందుకే బరువు పడేకొద్దీ రెండూ దగ్గరికి లాక్కుంటాయి. దడి తలుపు కొక్కెం చూడండి, వంపు ఉన్నంతకాలం గుంజేకొద్దీ బిగుస్తుంది, వంపు అరిగిందా, గుంజేకొద్దీ జారుతుంది. ఖాళీ బండితో బాగానే ఉండి గట్టెక్కేటప్పుడే గేరు ఊడడానికి కారణం ఇదే.

క్లచ్ లివరు పూర్తిగా పట్టకుండా, సగమే నొక్కి గేరు మార్చిన ప్రతిసారీ కర్‌మంటుందే, ఆ అంచులు కొట్టుకుని గుండ్రబడేది అప్పుడే.

విప్పించే ముందు బయట చూడాల్సినవి ఉన్నాయి. బండి పడినప్పుడు లివరు వంగి ఫుట్‌రెస్టుకి తగులుతుంటే గేరు పూర్తిగా పడదు. క్లచ్ లివరు చివర 10 నుంచి 20 మిల్లీమీటర్ల ఆట ఉంటే చాలు, మరీ వదులైతే క్లచ్ సరిగా విడవదు. అన్ని గేర్లూ ఊడుతుంటే గేరుని దాని స్థానంలో ఆపే స్ప్రింగు, రోలరు మీద అనుమానం. ఒక్క గేరే అయితే రోగం లోపలే.

పాత పోత ఇనుము ఇంజను బుల్లెట్‌కి గేర్‌బాక్సు విడి డబ్బా, ఇంజను జోలికి పోకుండా విప్పొచ్చు. మాది అలా కాదు. "ఆయ్, ఇంజను దింపాలండి" అన్నాడు మెకానిక్.

బల్ల మీద పెట్టి చూస్తే గుబ్బల అంచులు వాడిన సబ్బుబిళ్ళలా నున్నబడి మెరుస్తున్నాయి. ఫోర్కు కొన ఒక పక్క పలచబడి నీలంగా కమిలింది. "కాలు పెట్టి తోలారాండీ?" అన్నాడు. ఫోర్కు పని గేరు మారే క్షణం వరకే, తర్వాత గాడిలో వదులుగా ఉండాలి. నేను తొక్కిపట్టడంతో అది నిమిషానికి వందల చుట్లు తిరిగే గేరుకి రెండు నెలలపాటు రాసుకుంటూనే ఉంది. అంటే గుబ్బలు పోయింది వాడకంతో, ఫోర్కు పోయింది నా వల్ల.

వెల్డింగ్ పెట్టి అరగదీయిస్తే చవక కదా అని సలహా ఇచ్చినవాళ్ళున్నారు. గేరుకి పైపొర గట్టిదనమే ప్రాణం, వెల్డింగ్ వేడికి అది పోతుంది. ఒకదాంట్లో ఒకటి దూరే గేర్లు రెండూ, ఫోర్కూ కొత్తవి వేయించాను. షాఫ్టు మీద గేర్లు పక్కకి జారకుండా పట్టే రింగులు, అంటే సర్‌క్లిప్‌లు, తీసినవి కూడా మళ్ళీ వాడలేదు.

మూసే ముందు షాఫ్టు చేత్తో తిప్పుతూ గేర్లన్నీ ఒక్కొక్కటే వేసి చూశాడు. అన్నీ పడ్డాయి. తీరా అతుకులో పెట్టే ప్యాకింగ్ అందుకోబోతే బల్ల మీద, నూనెగుడ్డ కింద, ఒక పలచటి వాషరు మిగిలి ఉంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం, ఆయన టీ చెప్పి మళ్ళీ విప్పడం మొదలెట్టాడు.