పన్ను పీకినా పోని నొప్పి: నోరు, ముఖం, దవడ నొప్పులపై అపోహలు - వాస్తవాలు

కుర్చీలో కూర్చోగానే వేలు పెట్టి చూపిస్తారు. "ఇదిగో డాక్టరు గారూ, ఈ పన్నే. పీకేయండి, పీడ వదులుతుంది." చూస్తే ఆ పన్ను గట్టిగా, శుభ్రంగా ఉంటుంది. ఎక్స్‌రేలోనూ ఏమీ కనిపించదు. పక్కన రెండు పళ్ళు మాత్రం అప్పటికే ఇదే నొప్పికి బలైపోయి ఉంటాయి. నోటి, ముఖ నొప్పులు చూసే డాక్టరుగా ఇలాంటివాళ్ళు నాకు తరచూ ఎదురవుతుంటారు. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. నొప్పి నిజంగా అక్కడే తెలుస్తోంది, కానీ పుట్టింది మరోచోట.

అపోహ: నొప్పి ఏ పంట్లో ఉంటే జబ్బు ఆ పంట్లోనే ఉంటుంది

చాలాసార్లు ఉంటుంది, అందులో తప్పేమీ లేదు. నోటి నొప్పుల్లో ఎక్కువ భాగం పళ్ళు, చిగుళ్ళ వల్ల వచ్చేవే. చల్లనిది తగిలినప్పుడు జివ్వుమని క్షణాల్లో పోతే పన్ను ఇంకా బాగుపడే దశలో ఉందని అనుకోవచ్చు. అదే నొప్పి నిమిషాల తరబడి నిలిచినా, రాత్రి నిద్రలోంచి లేపినా లోపలి గుజ్జు దెబ్బతిన్నట్టే. విచిత్రం ఏమిటంటే, ఈ దశలో చాలామంది ఏ పన్నో సరిగ్గా చెప్పలేరు. కొందరికైతే పైదో కిందిదో కూడా తెలియదు. గుజ్జులోని నరాలు నొప్పిని చెబుతాయే గానీ చోటును కచ్చితంగా చెప్పలేవు. వాపు పంటి వేరు కొసను దాటి బయటికి వచ్చాక మాత్రం ఆ పన్ను మీద తడితే ఎగిరిపడతారు.

మిగతా గందరగోళమంతా ట్రైజెమినల్ నరం దగ్గర మొదలవుతుంది. కపాల నరాల్లో ఇది అయిదోది. నుదురు-కన్ను, పై దవడ, కింది దవడ వైపు మూడు శాఖలుగా వెళ్తుంది. పళ్ళు, సైనస్‌లు (ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే గాలి గదులు), దవడ కీలు, నమిలే కండరాలు అన్నీ తమ బాధను ఈ ఒక్క నరం ద్వారానే పైకి పంపుతాయి. వేర్వేరు చోట్ల నుంచి వచ్చిన నరపు పోగులు మెదడు అడుగున ఉండే మెదడు కాండంలో ఒకే కణం మీద కలుస్తాయి. అందుకే కబురు ఎక్కడి నుంచి వచ్చిందో మెదడు పొరబడుతుంది.

చెంప మీది నమిలే కండరం బిగుసుకుంటే దవడ పళ్ళు సలుపుతాయి. ఆ కండరాన్ని వేలితో నొక్కగానే "అదే, అదే నొప్పి" అంటారు. చెంప వెనకున్న సైనస్ వాస్తే పై దవడ పళ్ళు నాలుగైదు ఒకేసారి లాగుతాయి, ముందుకు వంగితే ఎక్కువవుతుంది. అన్నం దగ్గర కూర్చోగానే దవడ కింద ఉబ్బి, నొప్పి పుట్టి, కాసేపటికి తగ్గితే లాలాజల గ్రంథి నాళంలో రాయి ఉందేమోనని చూస్తాను. అనుమానం తేలకపోతే పంటికి మత్తు ఇంజెక్షన్ ఇచ్చి గమనిస్తాను. పన్ను పూర్తిగా మొద్దుబారినా నొప్పి అలాగే ఉంటే దోషి ఆ పన్ను కాదు.

అపోహ: యాంటీబయాటిక్ వేసుకుంటే పంటి నొప్పి తగ్గుతుంది

గుజ్జు వాపు వల్ల వచ్చే నొప్పిని యాంటీబయాటిక్ తగ్గించదు. రూట్ కెనాల్ అయినా, తీయడమైనా, పంటికి చేయాల్సిన పని చేయాల్సిందే. ముఖం వాచి జ్వరం వచ్చినప్పుడు సంగతి వేరు. అన్నట్టు, ఆస్పిరిన్ మాత్రను చిగురు మీద పెట్టుకుంటే నొప్పి పోదు సరికదా, అక్కడి చర్మం కాలి తెల్లగా ఊడొస్తుంది.

అపోహ: మామూలు మాత్ర పనిచేయకపోతే ఇంకా బలమైన నొప్పి మాత్ర కావాలి

ఈ అపోహే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. ట్రైజెమినల్ న్యూరాల్జియా అనే నరాల నొప్పి ఉన్నవాళ్ళు దీనివల్ల ఏళ్ళ తరబడి నష్టపోతారు.

ఆ నొప్పి కరెంటు షాక్ కొట్టినట్టు, కత్తితో పొడిచినట్టు ఒక్కసారిగా వస్తుంది. క్షణం నుంచి మహా అయితే 2 నిమిషాలు ఉంటుంది. సాధారణంగా ముఖానికి ఒకవైపే. ముఖం కడుక్కోవడం, పళ్ళు తోముకోవడం, గడ్డం గీసుకోవడం, చివరికి చల్లగాలి తగలడం కూడా దాన్ని రేపుతుంది. గట్టిగా నొక్కితే ఏమీ కాదు, వేలు తేలిగ్గా తగిలితే చాలు. ఆ భయంతో ముఖం కడగనివాళ్ళను, తిండి మానేసినవాళ్ళను చూశాను. 50 దాటినవాళ్ళలో, అందులోనూ ఆడవాళ్ళలో ఎక్కువ. చాలామందిలో మెదడు కాండం దగ్గర ఒక రక్తనాళం ఈ నరాన్ని ఒత్తుతూ ఉంటుంది. కొద్దిమందిలో కణితి గానీ, మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు గానీ కారణం కావచ్చు. అందుకే ఎమ్మారై తీయిస్తాం.

ఈ జబ్బుకు మంచి పళ్ళు ఎందుకు బలవుతాయంటే, నొప్పి ఎక్కువగా పై, కింది దవడ శాఖల్లోనే వస్తుంది. ఇందాక చెప్పిన మత్తు పరీక్ష కూడా ఇక్కడ మోసం చేస్తుంది. నొప్పిని రేపే చోటు మొద్దుబారితే నొప్పి ఆగుతుంది, పన్నే కారణమని డాక్టరూ నమ్ముతాడు. పైగా ఈ జబ్బు వారాలు, నెలలు తనంతట తాను అణిగి ఉంటుంది. పన్ను తీసిన వారంలో అది అణిగిందనుకోండి, పీకడం వల్లే తగ్గిందని అందరం సంతోషిస్తాం. తిరిగి వచ్చినప్పుడు పక్క పన్ను వంతు!

దీనికి నొప్పి మాత్రలు పనిచేయవు. మూర్ఛకు వాడే కార్బమజెపిన్ లాంటి మందులు నరాన్ని శాంతింపజేస్తాయి. డాక్టరు చెప్పినట్టు కొద్ది మోతాదుతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి, మధ్యలో రక్త పరీక్షలు చేయించాలి. మొదలుపెట్టిన తొలి వారాల్లో ఒంటిమీద దద్దుర్లు కనిపిస్తే ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. మందులు సరిపోనివాళ్ళకు రక్తనాళాన్ని నరం మీంచి పక్కకు తప్పించే ఆపరేషన్ ఉంది.

అపోహ: దవడ టక్‌మంటే కీలు అరిగిపోయినట్టే

నొప్పి లేకుండా, నోరు బాగా తెరుచుకుంటూ ఉంటే ఒట్టి శబ్దానికి వైద్యం అక్కర్లేదు. నొప్పి ఉన్నా చాలామందికి మెత్తటి తిండి, కాపడం, దవడకు విశ్రాంతి, పళ్ళు బిగించే అలవాటు మానుకోవడంతోనే తగ్గుతుంది. పెదాలు మూసుకున్నప్పుడు పైపళ్ళు, కిందిపళ్ళు తగలకూడదు. ఇప్పుడు ఇది చదువుతూ మీవి తగులుతున్నాయేమో చూసుకోండి. నొప్పి తగ్గడానికని మంచి పళ్ళను అరగదీసి వరుస సరిచేస్తామంటే నేనైతే ఒప్పుకోను. అరగదీసిన పంటిని మళ్ళీ తేలేం.

అపోహ: రిపోర్టులన్నీ నార్మల్ అయితే అది మనసు సృష్టించిన నొప్పి

2020లో వెలువడిన నోటి, ముఖ నొప్పుల అంతర్జాతీయ వర్గీకరణలో ఆరు గుంపులున్నాయి. ఆరో గుంపు మొత్తం కారణం తేలని నొప్పులదే. నోరు ఎర్రగా లేకపోయినా నాలుక కాలినట్టు మండే జబ్బు అందులో ఒకటి. ముట్లు ఆగిపోయిన ఆడవాళ్ళలో ఎక్కువగా చూస్తాం. ఆ జబ్బేనని చెప్పేముందు రక్తహీనత, బి12 లోపం, షుగరు, నోటి ఫంగస్ లేవని తేల్చుకోవాలి. టెన్షన్, నిద్రలేమి ఏ నొప్పినైనా పెంచుతాయి, నిజమే. అంతమాత్రాన "నీదంతా ఊహ" అని మనిషిని పంపించేయడం వైద్యం కాదు.

అపోహ: దవడ నొప్పికి పళ్ళ డాక్టరు చాలు

మెట్లెక్కుతుంటే దవడ లాగి, ఆగగానే తగ్గితే నా దగ్గరికి రావద్దు, గుండె డాక్టరు దగ్గరికి వెళ్ళండి. విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా తగ్గకుండా చెమటలు, ఆయాసం తోడైతే అంబులెన్స్ పిలవాలి. ఛాతీలో ఏమీ లేకుండా గుండె నొప్పి ఒక్క దవడలోనే తెలిసే మనుషులూ ఉన్నారు.

50 దాటాక కొత్తగా తలనొప్పి వచ్చి, తల దువ్వుకుంటే నొప్పిగా ఉండి, నమిలే కొద్దీ దవడ అలిసిపోతుంటే కణత దగ్గరి రక్తనాళాల వాపు కావచ్చు. ఆలస్యం చేస్తే చూపు పోతుంది కాబట్టి స్టెరాయిడ్ మొదలుపెట్టడానికి పరీక్షల ఫలితాలన్నీ వచ్చేదాకా ఆగరు. ఇక కింది పెదవో గడ్డమో కారణం లేకుండా తిమ్మిరెక్కినా, నోట్లో పుండు 2 వారాలు దాటినా మానకపోయినా చూపించుకోండి. నోటి క్యాన్సర్ మొదట్లో చాలాసార్లు నొప్పి పెట్టదు.