ఎయిర్‌లైన్ లాయల్టీ ప్రోగ్రామ్ మారాలా? కొన్ని అపోహలు, వాస్తవాలు

తరచూ విమానాల్లో తిరిగేవాళ్లకు ఎయిర్‌లైన్ల లాయల్టీ ప్రోగ్రాములు మైళ్లు అనే పాయింట్లు ఇస్తాయి, వాటితో తర్వాత టికెట్లు తీసుకోవచ్చు. అలాంటివాళ్ల టికెట్లు చూడటం, ఎవరి మైళ్లు ఏ ఖాతాలో వేసుకుంటే మేలో చెప్పడం నా పని. ఏ ఎయిర్‌లైన్ అయినా రూల్స్ మార్చిందంటే చాలు, "ఇక ఈ ప్రోగ్రామ్ వద్దు, వేరేదానికి పోదాం" అంటూ ఫోన్లు మొదలవుతాయి. వాళ్ల కోపంలో న్యాయం ఉంటుంది. లెక్క మాత్రం చాలాసార్లు తప్పుగా ఉంటుంది. ఎక్కే విమానం, ఖాతాలో పేరుకున్న మైళ్లు, చేతిలో ఉన్న స్టేటస్ (ఎక్కువ తిరిగినందుకు దక్కే సిల్వర్, గోల్డ్ లాంటి హోదా) అనే మూడింటినీ ఒకే ముద్దగా చూడటమే దానికి కారణం. వాటిని విడదీసి చూస్తే, మారాలా వద్దా అన్న ప్రశ్న సగం అక్కడే తేలిపోతుంది.

అపోహ: ప్రోగ్రామ్ మారడమంటే ఎయిర్‌లైన్ మారడమే

కానే కాదు. అలయన్స్ అంటే ఎయిర్‌లైన్ల కూటమి. స్టార్ అలయన్స్ 1997లో, వన్‌వరల్డ్ 1999లో, స్కైటీమ్ 2000లో వచ్చాయి. అప్పటినుంచీ ఒక ఎయిర్‌లైన్ విమానం ఎక్కి, మైళ్లు మరో ఎయిర్‌లైన్ ఖాతాలో వేసుకోవడం మామూలు సంగతే. లుఫ్తాన్సా విమానం ఎక్కినవాళ్లు ఆ మైళ్లను దాని సొంత ప్రోగ్రామ్ మైల్స్ అండ్ మోర్‌లోనే వేసుకోవాలని లేదు. యునైటెడ్ మైలేజ్‌ప్లస్‌లోనో, ఎయిర్ కెనడా ఏరోప్లాన్‌లోనో, సింగపూర్ ఎయిర్‌లైన్స్ క్రిస్‌ఫ్లయర్‌లోనో వేసుకోవచ్చు. ఒక విమానానికి ఒకే ఖాతా అన్నదొక్కటే నియమం. అదే మైళ్లను రెండు చోట్ల వేసుకోవడం కుదరదు, ఒకసారి వేసుకున్నాక మరో చోటికి మార్చడం కూడా దాదాపు అసాధ్యం.

అందుకే "మీ ఊరినుంచి వేరే దారి లేదు కాబట్టి ఈ ప్రోగ్రామ్‌లోనే ఉండాలి" అని ఎవరైనా అంటే నమ్మకండి. విమానాన్ని రూటు నిర్ణయిస్తుంది. ఖాతా ఏదన్నది మీ చేతిలో ఉంది.

అయితే ఇక్కడో మెలిక. టికెట్ మీద బుకింగ్ క్లాస్ అని ఒక అక్షరం ఉంటుంది. ఒకే విమానంలో, పక్కపక్క సీట్లలో కూర్చున్న ఇద్దరి అక్షరాలు వేరు కావచ్చు. ప్రతి ప్రోగ్రామూ ప్రతి పార్ట్‌నర్ ఎయిర్‌లైన్‌కీ ఏ అక్షరానికి ఎంత శాతం మైళ్లు ఇస్తుందో ఒక పట్టిక పెడుతుంది. చవక టికెట్ల అక్షరాలకు ఒక ప్రోగ్రామ్ పూర్తి మైళ్లు ఇస్తే, ఇంకొకటి పావు వంతు ఇస్తుంది, మరొకటి సున్నా పెడుతుంది. కొత్త ప్రోగ్రామ్ ఎంత బాగుందని విన్నా సరే, మీ పాత టికెట్లు తీసి వాటి మీది అక్షరాలను ఆ పట్టికలో వెతకండి. చాలామంది ఉత్సాహం అక్కడే చల్లారిపోతుంది.

అపోహ: మారితే పాత మైళ్లు పోతాయి

దీనికి కవల అపోహ ఇంకొకటి ఉంది: "పాత మైళ్లను కొత్త ప్రోగ్రామ్‌కి మార్చుకోవచ్చు" అన్నది. రెండూ తప్పే.

మైళ్లు సాధారణంగా ఒక ఎయిర్‌లైన్ ప్రోగ్రామ్ నుంచి మరోదానికి కదలవు, రెండూ ఒకే అలయన్స్‌లో ఉన్నా సరే. అందరికీ తెలిసిన మినహాయింపు ఏవియోస్, అంటే కొన్ని ఎయిర్‌లైన్లు ఉమ్మడిగా వాడే పాయింట్లు. బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఐబీరియా, ఏర్ లింగస్, ఖతార్ ఎయిర్‌వేస్, ఫిన్‌ఎయిర్ అందరూ ఏవియోస్‌నే వాడతారు కాబట్టి వాటి మధ్య ఒకటికి ఒకటి చొప్పున మార్చుకోవచ్చు. ఇలాంటి కుటుంబాల బయట ఆ ఆశ పెట్టుకోకపోవడం మంచిది.

మరి పోతాయా అంటే, పోవు. మీరు కొత్తచోట సంపాదించడం మొదలుపెట్టినంత మాత్రాన పాత ఖాతా మూతపడదు. అందులోని మైళ్లతో ఆ ఎయిర్‌లైన్‌లోనే కాదు, దాని పార్ట్‌నర్ విమానాల్లోనూ టికెట్ తీసుకోవచ్చు. భయపడాల్సింది గడువు గురించి. అది రెండు రకాలుగా ఉంటుంది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఆడ్వాంటేజ్‌లో 24 నెలలపాటు ఖాతాలో ఏ కదలికా లేకపోతే మైళ్లు పోతాయి. మధ్యలో చిన్న సంపాదనో, చిన్న ఖర్చో ఉంటే గడియారం మళ్లీ మొదటికొస్తుంది. క్రిస్‌ఫ్లయర్ తరహా వేరు. మైళ్లు వచ్చిన 36 నెలలకు గడువు తీరుతుంది, మధ్యలో ఖాతా ఎంత కదిలినా ఆ తేదీ మారదు. డెల్టా, యునైటెడ్ ఖాతాల్లో గడువే లేదు. కాబట్టి వదిలి వెళ్లేది మొదటి రకం ప్రోగ్రామ్ అయితే అప్పుడప్పుడూ ఒక చిన్న కదలిక చాలు. రెండో రకమైతే మారే ముందే ఆ మైళ్లను ఎప్పుడు, ఎక్కడ వాడతారో అనుకోవాలి. గడువే లేనివాటి గురించి కంగారు అక్కర్లేదు. కాకపోతే దాచుకున్నకొద్దీ వాటి విలువ పెరిగే రకం కూడా కాదు.

నేను ఎక్కువగా చూసే తప్పు మరొకటి. "అక్కడ ఇన్ని మైళ్లు ఉన్నాయి కదా" అని తమకు ఇక పనికిరాని ప్రోగ్రామ్‌లోనే కొత్త ప్రయాణాలన్నీ వేస్తూ పోతారు. పాత బాకీ వసూలు చేసుకోవడానికి మళ్లీ అప్పిచ్చినట్టు ఉంటుంది ఆ వ్యవహారం. వెనక ఉన్న మైళ్లను ఖర్చు పెట్టుకోవడం ఒక పని, ముందున్న ప్రయాణాలను ఎక్కడ వేయాలన్నది ఇంకో పని.

ఒక్క సందర్భంలో మాత్రం నేను వెనక్కి తిరిగి చూడమంటాను. జీవితకాల స్టేటస్ దగ్గర్లో ఉంటే. ఉదాహరణకు యునైటెడ్‌లో 10 లక్షల మైళ్ల మైలురాయి దాటితే ప్రీమియర్ గోల్డ్ అనే స్టేటస్ జీవితాంతం ఉంటుంది. అంత దూరం వచ్చి, గట్టు పక్కనే పడవ దిగేయడం ఎందుకు?

అపోహ: ఎక్కువ మైళ్లు ఇచ్చేదే మంచి ప్రోగ్రామ్

ఒకప్పుడు ఎంత దూరం ఎగిరితే అన్ని మైళ్లు వచ్చేవి. 2015లో డెల్టా, యునైటెడ్, 2016లో అమెరికన్ ఆ పద్ధతి వదిలేసి, టికెట్‌కి పెట్టిన డబ్బును బట్టి ఇవ్వడం మొదలుపెట్టాయి. అప్పట్లో స్టేటస్ లేని సభ్యుడికి డాలర్‌కి 5 మైళ్లు వచ్చేవి. రానూపోనూ 16,000 మైళ్ల దూరం ఉన్న చవక టికెట్ ఒకటి తీసుకోండి. పన్నులు పోను ధర 600 డాలర్లు అనుకుంటే ఆ లెక్కలో వచ్చేది 3,000 మైళ్లు. అదే టికెట్‌ను దూరాన్ని బట్టి లెక్కగట్టే పార్ట్‌నర్ ప్రోగ్రామ్‌లో వేస్తే, బుకింగ్ క్లాస్ కలిసొచ్చిన పక్షంలో 8,000 రావచ్చు, 16,000 కూడా రావచ్చు. సొంత డబ్బుతో చవక టికెట్ల మీద దూరాలు తిరిగేవాళ్లకు దూరం లెక్క మేలు. కంపెనీ డబ్బుతో చివరి నిమిషంలో ఖరీదైన టికెట్లు కొనేవాళ్లకు డబ్బు లెక్క మేలు. ఒకరికి బంగారంలా కనిపించిన సలహా ఇంకొకరికి ఎందుకు పనికిరాదో ఇక్కడే తెలుస్తుంది.

సంపాదన ఒక పక్క మాత్రమే. ఖర్చు పక్క కూడా చూడాలి. ఒక టికెట్ డబ్బు పెట్టి కొంటే 500 డాలర్లు అనుకుందాం. ఒక ప్రోగ్రామ్‌లో అదే సీటుకి 30,000 మైళ్లు, పైన 50 డాలర్ల పన్నులు. అంటే 30,000 మైళ్లతో 450 డాలర్లు మిగిలాయి, మైలుకి ఒకటిన్నర సెంట్లు. రెండో ప్రోగ్రామ్ 20,000 మైళ్లే అడుగుతుంది గానీ, ఎయిర్‌లైన్ అదనంగా వేసే సర్‌చార్జీలతో కలిపి 200 డాలర్లు కట్టమంటుంది. మిగిలింది 300, మైలుకి మళ్లీ అదే ఒకటిన్నర సెంట్లు. తక్కువ మైళ్లు అడిగింది కదా అని రెండోదాన్ని ఎగరేసుకుపోయినవాళ్లకి దక్కింది ఏమీ లేదు. ఈ సర్‌చార్జీల విషయంలో ప్రోగ్రాములకు పెద్ద తేడాలున్నాయి. ఏరోప్లాన్ 2020 నవంబరులో కొత్త రూపంలో వచ్చినప్పుడు అవార్డ్ టికెట్ల (మైళ్లతో తీసుకునే టికెట్ల) మీద ఎయిర్‌లైన్ సర్‌చార్జీలను ఎత్తేసింది. కొన్ని ప్రోగ్రాముల్లో మాత్రం ఆ మొత్తం చూస్తే "ఇది ఉచిత టికెట్టా?" అనిపిస్తుంది.

ఇంకో మాట. ఫలానా రూటుకి ఇన్ని మైళ్లు అని చెప్పే అవార్డ్ చార్టును డెల్టా 2015లో తీసేసింది, యునైటెడ్ తన విమానాలకు 2019లో తీసేసింది. ఇప్పుడు ధర రోజుకో రకంగా ఉంటుంది. చార్టు ఉన్న ప్రోగ్రామ్‌లో ముందే లెక్క వేసుకోవచ్చు, లేనిచోట మీకు కావాల్సిన తేదీలు పెట్టి నిజంగా వెతికి చూస్తేనే తెలుస్తుంది. మారే ముందు ఒక సాయంత్రం ఆ వెతుకులాటకు ఇవ్వండి.

అపోహ: గోల్డ్ ఎక్కడైనా గోల్డే

కార్డు మీద రాసిన స్టేటస్ పేరుకి విలువ ఆ ఎయిర్‌లైన్ వరకే. మిగతా ఎయిర్‌లైన్లు చూసేది అలయన్స్ స్థాయిని: స్టార్‌లో సిల్వర్, గోల్డ్, వన్‌వరల్డ్‌లో రూబీ, సఫైర్, ఎమరాల్డ్, స్కైటీమ్‌లో ఎలీట్, ఎలీట్ ప్లస్. స్టార్ సిల్వర్‌తో వచ్చేది వెయిట్‌లిస్టులో, స్టాండ్‌బైలో కాస్త ముందుండటం తప్ప పెద్దగా ఏమీ లేదు. లాంజ్, అదనపు లగేజీ లాంటి అసలు సౌకర్యాలన్నీ గోల్డ్ నుంచే. కాబట్టి కొత్త ప్రోగ్రామ్‌లో సిల్వర్ లాంటి కింది మెట్టు దగ్గరే ఆగిపోయేలా ఉంటే మారడంలో పెద్ద అర్థం లేదు.

ఇందులోనే తమాషా ఒకటుంది. యునైటెడ్‌లో గోల్డ్ అయినవాళ్లకు అమెరికా లోపలి ప్రయాణాల్లో యునైటెడ్ లాంజ్ దొరకదు. అదే స్టార్ గోల్డ్ స్థాయి వేరే దేశపు ఎయిర్‌లైన్ ప్రోగ్రామ్ నుంచి వచ్చినవాళ్లు అదే లాంజ్‌లో దర్జాగా కూర్చుంటారు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ సొంత సభ్యులకూ దాదాపు ఇదే పరిస్థితి. ఇంటివాడికి లేని మర్యాద చుట్టానికి ఉంటుందన్నమాట. మరోపక్క అప్‌గ్రేడ్ల వరసలో సొంత సభ్యులే ముందుంటారు. లాంజ్ ముఖ్యమా, అప్‌గ్రేడ్ ముఖ్యమా అన్నది తేల్చుకుంటే ఖాతా ఏ దేశపుదై ఉండాలో దానంతటదే తేలుతుంది.

అపోహ: స్టేటస్ మ్యాచ్ ఎప్పుడు కావాలన్నా అడగొచ్చు

ఒక ప్రోగ్రామ్‌లోని స్టేటస్ చూపిస్తే ఇంకో ప్రోగ్రామ్ దానికి సమానమైన స్టేటస్ ఇవ్వడమే స్టేటస్ మ్యాచ్. అడగొచ్చు. కానీ చాలా ప్రోగ్రాములు ఒకసారి ఇచ్చాక కొన్నేళ్లవరకు మళ్లీ ఇవ్వవు, కొన్ని జీవితంలో ఒక్కసారే ఇస్తాయి. పాత కార్డుతో పాటు ఇటీవలి ప్రయాణాల స్టేట్‌మెంట్ కూడా అడుగుతాయి. ఎదుటి అలయన్స్ నుంచి వచ్చేవాళ్లనే ఇష్టపడతాయి గానీ, ఒకే అలయన్స్‌లో ఉన్న ఎయిర్‌లైన్ కార్డు చూపిస్తే చాలాసార్లు తిరస్కరిస్తాయి. మ్యాచ్ మీద వచ్చిన కార్డు చూపించి మూడోచోట మ్యాచ్ అడిగినా ఒప్పుకోకపోవచ్చు. పైగా ఈ రోజుల్లో ఎక్కువగా ఇచ్చేది చాలెంజ్. మూడు నెలలో, నాలుగు నెలలో స్టేటస్ ఇచ్చి, ఆలోపు ఇంత తిరిగితేనే ఉంచుతామంటారు. ప్రయాణాలు లేని నెలల్లో దాన్ని మొదలుపెట్టడమంటే ఉన్న ఒక్క అవకాశాన్నీ వృథా చేసుకోవడమే. టికెట్లు బుక్ అయ్యాక, మొదటి ప్రయాణానికి కాస్త ముందు అడగండి.

అపోహ: అలయన్స్, ఎయిర్‌లైన్ ఎప్పటికీ ఇలాగే ఉంటాయి

స్టార్ అలయన్స్ పుట్టినప్పటి ఐదుగురు సభ్యుల్లో ఒకటైన ఎస్‌ఏఎస్, 2024 సెప్టెంబరు 1న స్కైటీమ్‌కి వెళ్లిపోయింది. లాటమ్ 2020లో వన్‌వరల్డ్ వదిలేసింది. ఎయిర్ బెర్లిన్ దివాలా తీసిన 2017లో దాని లాయల్టీ ప్రోగ్రామ్ టాప్‌బోనస్ కూడా దివాలాకు వెళ్లింది, సభ్యుల మైళ్లు ఎందుకూ పనికిరాకుండా పోయాయి. 2019లో జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయినప్పుడు మాత్రం ప్రోగ్రామ్ వేరే కంపెనీ కావడంతో పాయింట్లు బతికి, ఇంటర్‌మైల్స్ పేరుతో కొనసాగాయి. మీ ప్రోగ్రామ్ ఎవరి చేతిలో ఉందో ఒకసారి చూసుకోవడం చాదస్తం కాదు.

అపోహ: నమ్మకంగా ఉంటే ఎయిర్‌లైన్ గుర్తుపెట్టుకుంటుంది

2020లో విమానాలు నేలమీద ఉన్నప్పుడు యునైటెడ్ తన మైలేజ్‌ప్లస్‌ను తాకట్టుగా చూపి అప్పు తెచ్చుకుంది. దాని విలువ దాదాపు 2,190 కోట్ల డాలర్లని అప్పుడు లెక్క చెప్పారు. బ్యాంకులకు మైళ్లు అమ్మే పెద్ద వ్యాపారం ఇది. వాళ్లు లెక్క చూసుకున్నట్టే మీరూ చూసుకోండి, మొహమాటం అక్కర్లేదు.

అపోహ: ఏడాదిలో ఎప్పుడు మారినా ఒకటే

యునైటెడ్‌కి స్టేటస్ లెక్క జనవరి నుంచి డిసెంబరు వరకు, అమెరికన్‌కి మార్చి నుంచి ఫిబ్రవరి వరకు. ఒక ఏడాదిలో సంపాదించిన స్టేటస్ ఆ తర్వాతి ఏడాదంతా నడుస్తుంది. అందువల్ల అక్టోబరులో లక్ష్యానికి దగ్గరగా ఉన్నవాళ్లను అది పూర్తిచేయమంటాను. ఆ పాత స్టేటస్ గొడుగు కింద ఉంటూ, కొత్త ఏడాది మొదటి నుంచి కొత్త ఖాతాలో సంపాదించుకోవచ్చు. సగం దారిలో మారితే రెండుచోట్లా సగమే మిగులుతుంది.

ఇలా మారుతున్న కాలంలో జాగ్రత్త పడాల్సింది బుకింగ్‌లో ఏ ప్రోగ్రామ్ సభ్యత్వ నంబరు ఉందన్న దగ్గర. పాత నంబరు తీసి కొత్తది పెట్టగానే, పాత స్టేటస్ మీద ఉచితంగా దొరికిన ముందు వరస సీటు జారిపోవచ్చు, అదనపు లగేజీ కూడా పోవచ్చు. పాతదే ఉంచేస్తే మైళ్లు పాత ఖాతాకే వెళ్తాయి. ప్రయాణానికి ముందే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, సీటు పోకుండా నంబరు మార్చగలరా అని అడగండి. బోర్డింగ్ పాస్ చేతికి రాగానే దానిమీద ఏ ప్రోగ్రామ్ పేరు ఉందో చూడండి. తప్పుగా ఉంటే విమానం ఎక్కకముందే కౌంటర్ దగ్గర మార్పించుకోండి.