అత్తకి మీసాలొస్తే...

చిట్టితల్లికీ, బుజ్జినాన్నకీ అమ్మమ్మ దీవెనలు.

మొన్న ఆదివారం ‘ఆర్‌ఆర్‌ఆర్’ చూసి లేచాక మీరిద్దరూ ఒక ప్రశ్న అడిగారు. అల్లూరి సీతారామరాజు, కొమురం భీం నిజంగానే కలిసి ఉంటే ఏమయ్యేది అని. మీ మావయ్య ‘‘అత్తకి మీసాలొస్తే మావయ్య అవుతుంది’’ అని నవ్వేసి వెళ్లిపోయాడు. మీ మొహాలు చిన్నబోవడం నేను చూశాను. అక్కడే చెబుదామనుకున్నాను గానీ, భోజనాల హడావుడిలో రెండు ముక్కల్లో తేల్చేసే సంగతి కాదిది. అందుకే తీరిగ్గా కూచుని రాస్తున్నాను.

మీ ప్రశ్న మంచిదే. కాకపోతే మొదలుపెట్టడానికి మరీ బరువైనది. రాజుగారిని తెల్లవాళ్లు కాల్చి చంపింది 1924 మే నెలలో. భీం జోడేఘాట్‌లో నేలకొరిగింది 1940లో. మధ్యలో పదహారేళ్లు. రాజుగారు మద్రాసు ప్రెసిడెన్సీ ఏజెన్సీ కొండల్లో ఇంగ్లీషు పోలీసు స్టేషన్ల మీద పడ్డారు. భీం నిజాం రాజ్యంలో గోండుల భూమి కోసం, అడవి కోసం పోరాడాడు. ఇద్దరూ స్నేహితులన్నది సినిమా వాళ్ల కల్పన, ఆ మాట వాళ్లే చెప్పారు. వీళ్లని నిజంగా కలపాలంటే కాలం మార్చాలి, ఊళ్లు మార్చాలి, దొరల్ని మార్చాలి. అన్ని మార్చాక మిగిలేది మన కోరికే తప్ప చరిత్ర కాదు. సినిమాకి ఆ కోరిక చాలు. ‘ఇలా జరిగి ఉంటే?’ అని మనం ఆడే ఆటలో మాత్రం ఒక్కటంటే ఒక్కటే మార్చాలి. అది ఎంత చిన్నదైతే అంత మంచిది.

అలాంటి చిన్నది ఒకటి నా కళ్లారా చూశాను. 1999 ఏప్రిల్ 17, శనివారం. జయలలిత మద్దతు ఉపసంహరించుకోవడంతో వాజపేయి ప్రభుత్వం లోక్‌సభలో బలం నిరూపించుకోవాల్సి వచ్చింది. మేమంతా టీవీ ముందు ఊపిరి బిగబట్టి కూచున్నాం. ఓట్ల లెక్క తేలింది. ప్రభుత్వానికి అనుకూలం 269, వ్యతిరేకం 270. మా వారు చేతిలో ఉన్న కాఫీ గ్లాసు కింద పెట్టడం కూడా మరిచిపోయారు. ఒక్క ఓటుతో కేంద్ర ప్రభుత్వం పడిపోయింది!

ఆ ఒక్క ఓటు ఎవరిదని అడిగితే అందరూ గిరిధర్ గమాంగ్ పేరు చెబుతారు. ఆయన అప్పటికి రెండు నెలల క్రితమే ఒడిశా ముఖ్యమంత్రి అయ్యారు, ఎంపీ పదవికి ఇంకా రాజీనామా చేయలేదు. ఓటు వేయాలా వద్దా అన్నది స్పీకర్ ఆయన విచక్షణకే వదిలేశారు. ఆయన వేశారు. కానీ ఒక్క నిమిషం ఆగండి. నేషనల్ కాన్ఫరెన్స్ సభ్యుడు సైఫుద్దీన్ సోజ్ తన పార్టీ విప్‌ని ధిక్కరించి వ్యతిరేకంగా వేశారు. తటస్థంగా ఉంటుందనుకున్న బీఎస్పీ చివరి క్షణంలో వ్యతిరేకంగా వేసింది. వీళ్లలో ఎవరు ఆగిపోయినా లెక్క మారేది. ఒక్క ఓటుతో ఓడిన చోట అవతలి 270 మందిలో ప్రతివాడిదీ ఆ ఒక్క ఓటే. ఒక్కడినే పట్టుకుని ‘‘నీవల్లే’’ అనడం నాకు ఎప్పుడూ న్యాయంగా తోచలేదు.

సరే, ఆ ప్రభుత్వం పడిపోలేదనుకుందాం. ఏం మారేది? చాలామంది వెంటనే కార్గిల్ యుద్ధం గురించి ఎత్తుకుంటారు. కానీ పాకిస్తాన్ సైనికులు ఆ కొండలెక్కడం చలికాలంలోనే మొదలైంది. ఏప్రిల్లో ఢిల్లీలో ఎవరు గెలిచినా మే నెలలో ఆ యుద్ధం రానే వచ్చేది. ఆపద్ధర్మ ప్రభుత్వం కాకుండా పూర్తి ప్రభుత్వం దాన్ని నడిపేది, అంతే. తర్వాత సెప్టెంబరు, అక్టోబరులలో ఎన్నికలు జరిగాయి. బీజేపీకి 1998లో 182 సీట్లు వచ్చాయి కదా, 1999లోనూ సరిగ్గా 182 వచ్చాయి! అక్టోబరు 13న వాజపేయి మళ్లీ ప్రమాణం చేశారు. అంత పెద్ద కుదుపు తర్వాత నది మళ్లీ పాత పాయలోకే వచ్చి పడింది.

మారింది ఇంకో చోట. 1998లో తెలుగుదేశానికి 12 మంది ఎంపీలు. 1999లో 29 మంది. ఆ ఎన్నికలే రాకపోతే ఢిల్లీలో తెలుగువాళ్ల మాటకి మరో నాలుగేళ్లు పన్నెండు మంది బలమే ఉండేది. గమాంగ్ గారి వేలు నొక్కిన మీట వల్ల ఎవరి పలుకుబడి పెరిగిందో చూశారా? ఇలాంటివి దొరుకుతాయనే నాకు ఈ ఆట ఇష్టం.

ఇప్పుడు మీకు బాగా నచ్చేదానికి వస్తాను. ‘మాయాబజార్’లో కృష్ణుడి వేషం వేయమని అడిగినప్పుడు ఎన్టీఆర్ వెనకాడారు. అంతకుముందు ఒక సినిమాలో చిన్నగా ఆ వేషం కడితే జనం మెచ్చలేదట. దర్శకుడు కె.వి. రెడ్డి పట్టుబట్టి ఒప్పించారు. 1957లో సినిమా వచ్చింది. ఆ తర్వాత కృష్ణుడంటే ఆయన ముఖమే. క్యాలెండర్ల మీదా, దేవుడి గూట్లోనూ ఆ బొమ్మే. మా అత్తగారు రోజూ పొద్దున్నే ఆ క్యాలెండరు ముందు నిలబడి దణ్ణం పెట్టుకునేది.

మరి ఆ రోజు కె.వి. రెడ్డి ‘‘సరేలే, వేరేవాళ్లని చూస్తా’’ అని ఉంటే? 1982 మార్చి 29న పార్టీ పెట్టి, తొమ్మిది నెలల్లో ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అయ్యేవారా?

కాదని గట్టిగా చెప్పేవాళ్లున్నారు. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. పక్క రాష్ట్రాల వైపు చూశాక నా నమ్మకం సడలింది. తమిళనాట ఎంజీఆర్ బీదవాళ్ల పక్షాన నిలబడే వీరుడి వేషాలతో పేరు తెచ్చుకుని, దేవుడి కిరీటం అక్కర్లేకుండానే 1977లో ముఖ్యమంత్రి అయ్యారు. కన్నడ రాజ్‌కుమార్ దేవుడి వేషాలు ఎన్ని కట్టారో! జనం ఆయన్ని నెత్తిన పెట్టుకున్నారు, అయినా ఆయన రాజకీయాల గడప తొక్కలేదు. శివాజీ గణేశన్ శివుడి వేషమూ కట్టారు, సొంత పార్టీ కూడా పెట్టారు. 1989లో తాను నిలబడ్డ చోటే ఓడిపోయారు.

వేరే రాష్ట్రాల సంగతి మనకెందుకంటారా? మన దగ్గరే సాక్ష్యం ఉంది. అదే 1989లో ఎన్టీఆర్ కల్వకుర్తిలో ఓడిపోయారు, ప్రభుత్వమూ పోయింది. కృష్ణుడు మారలేదు, ముఖమూ మారలేదు. మారింది జనం మనసు.

1983కి ముందు ఐదేళ్లలో కాంగ్రెస్ అధిష్ఠానం రాష్ట్రానికి నలుగురు ముఖ్యమంత్రుల్ని మార్చింది. చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామిరెడ్డి, కోట్ల విజయభాస్కరరెడ్డి. ఢిల్లీ నుంచి కబురొస్తే కుర్చీలో మనిషి మారిపోయేవాడు. పేర్లు గుర్తుపెట్టుకునేలోపు కొత్తాయన వచ్చేవాడు. ‘‘మనకంటూ ఒక విలువ లేదా?’’ అన్న మాట బస్సులోనూ, మంచినీళ్ల కుళాయి దగ్గరా నా చెవిన పడుతూనే ఉండేది. ఆ కోపం ఎండుగడ్డిలా పేరుకుని ఉంది. కృష్ణుడి వేషం నిప్పురవ్వని తొందరగా అంటించి ఉంటుంది, ఒప్పుకుంటాను. రవ్వ లేకపోయినా గడ్డి ఉండేదే కదా. అందుకే నా లెక్కలో, ఆ కృష్ణుడు లేకపోయినా 1983లో కాంగ్రెస్‌కి గట్టి దెబ్బే తగిలేది. 200కు పైగా సీట్లతో ఒకే పార్టీ గెలిచేదా అంటే మాత్రం, అనుమానమే. మీరు నాతో ఏకీభవించక్కర్లేదు. కాదంటే ఎందుకో చెప్పండి, చాలు.

సినిమాలతో ఒక సుఖం ఉంది. జరగనిది కూడా ఒక్కోసారి రీలు మీద దొరుకుతుంది. ‘షోలే’లో మొదట తీసిన ముగింపులో ఠాకూర్ గబ్బర్‌ని చంపేస్తాడు. అది ఎమర్జెన్సీ కాలం. సెన్సార్ వాళ్లు అభ్యంతరం పెట్టడంతో పోలీసులు వచ్చి ఆపినట్టు మళ్లీ తీశారు. 1975లో జనం చూసింది ఆ రెండోదే. రెండు ముగింపులూ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. చరిత్రకి ఆ వీలు లేదు గనక మనం బుర్రతో తీసుకోవాలి.

అన్నట్టు, ‘మాయాబజార్’ కథ కూడా ఇలా పుట్టిందే. శశిరేఖ పెళ్లి వ్యాసుడి భారతంలో ఎక్కడా లేదు. ఎవరో మన పెద్దలు ‘‘బలరాముడికి ఒక కూతురుండి, ఆ పిల్ల అభిమన్యుణ్ణి ఇష్టపడి ఉంటే?’’ అనుకున్నారు. అంతటితో ఘటోత్కచుడు వచ్చాడు, లడ్డూలు ఎగిరి నోట్లో పడ్డాయి. పాండవులు ఒక్కసారైనా తెర మీద కనబడకుండా భారతం సినిమా తయారైంది. కూతురన్న ఒక్క కల్పన తప్ప, బలరాముడి కోపం, శకుని బుద్ధి, కృష్ణుడి చిరునవ్వు అన్నీ మనకి తెలిసినట్టే ఉంచారు. అందుకే నమ్మాం. మావయ్యకి ఈ సంగతి చెప్పండి, మళ్లీ మీసాల మాట ఎత్తడు.

ఇక మీకో పని. 1999 ఏప్రిల్ 17న గమాంగ్ ఓటు వేయలేదనుకోండి. అప్పుడు 269, 269. రాజ్యాంగం ప్రకారం స్పీకర్ మామూలుగా ఓటు వేయకూడదు, రెండు వైపులా సమానమైతే మాత్రం వేసి తీరాలి. ఆ రోజు స్పీకర్ కుర్చీలో ఉన్నది మన అమలాపురం ఎంపీ జి.ఎం.సి. బాలయోగి. ఆయన పార్టీ వాజపేయి పక్షాన ఉంది. ఆయన కూచున్న కుర్చీ ఏ పక్షానిదీ కాదు. సభ మొత్తం ఆయన వైపే చూస్తోంది.

ఆ క్షణం దాకా జరిగినదాంట్లో ఒక్క అక్షరం మార్చకుండా, అక్కణ్ణుంచి చెరో నాలుగు పేజీలు రాయండి. ఒకరిది ఇంకొకరు చూడొద్దు. సెలవులకి వచ్చేటప్పుడు తెచ్చారంటే రెండూ నేనే పైకి చదువుతాను.

మీ
అమ్మమ్మ