ఒక అక్షరం, 80 మిల్లీగ్రాములు: స్టాటిన్ జన్యు పరీక్ష వాదన వెనుక

కొలెస్ట్రాల్ మాత్ర మొదలుపెట్టే ముందు జన్యు పరీక్ష చేయించుకోవాలా అన్న వాదన మళ్లీ రాజుకుంది. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ రకం మాత్ర వేసుకుంటే కాళ్లు పీకుతున్నాయని మధ్యలో మానేసేవారు ఎప్పటి నుంచో ఉన్నారు. ఇప్పుడు ఆ నొప్పికి ఒక పేరు దొరికింది: ఎస్‌ఎల్‌సీవో1బీ1 అనే జన్యువు. ఆ జన్యువుకూ కండరాల జబ్బుకూ సంబంధం ఉన్న మాట నిజమే. అది ఏ మందుతో, ఎంత మోతాదుతో బయటపడిందన్నదే ఈ గొడవలో వినిపించడం లేదు.

నేరుగా 2008కి వెళ్దాం. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు అప్పుడు ‘సెర్చ్’ అనే పెద్ద ప్రయోగం నడుపుతున్నారు. గుండెపోటు నుంచి బయటపడిన 12,064 మందిలో సగం మందికి రోజుకు 80 మిల్లీగ్రాముల సిమ్వాస్టాటిన్ (స్టాటిన్లలో ఒకటి), మిగతావారికి 20. పెద్ద మోతాదు మీద కండరాలు దెబ్బతిన్న 85 మందినీ, అదే మోతాదు వాడుతూ ఏ ఇబ్బందీ లేని 90 మందినీ పక్కపక్కన పెట్టి సుమారు 3 లక్షల జన్యు గుర్తులను జల్లెడ పట్టారు. గట్టిగా నిలిచింది ఈ ఒక్క జన్యువే.

రక్తంలోని మందును కాలేయ కణంలోకి లాక్కునే ప్రొటీన్ ఈ జన్యువు నుంచే తయారవుతుంది. దానిలో 521వ స్థానంలో ‘టి’ అనే డీఎన్‌ఏ అక్షరం ఉండాల్సిన చోట ‘సి’ ఉంటే ఆ ప్రొటీన్‌లో వాలీన్ అనే అమైనో ఆమ్లం బదులు అలనీన్ చేరుతుంది, లాగే పని మందగిస్తుంది. కాలేయానికి చేరాల్సిన మందు రక్తంలో నిలిచి కండరాలకు తగులుతుంది. తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ ‘సి’ వచ్చినవారిలో 80 మిల్లీగ్రాముల మీద 18 శాతం మందికి కండరాల జబ్బు రావచ్చని లెక్కగట్టారు. రెండూ ‘టి’ అయితే 0.6 శాతం.

పరీక్ష కావాలనేవారు పట్టుకున్నది ఈ 18నే. అదే ప్రయోగం 2010లో వెల్లడించిన మరో రెండు అంకెలు నాకు అంతకన్నా ముఖ్యమనిపిస్తాయి. ఖచ్చితమైన కండరాల జబ్బు 80 వాడినవారిలో 53 మందికి వచ్చింది. 20 వాడినవారిలో ఇద్దరికి. చీటీలు తీసినట్లు విడదీసిన జనం కాబట్టి ‘సి’ అక్షరం ఉన్నవారు రెండు వైపులా దాదాపు సమంగానే ఉంటారు. మారింది మోతాదు. 2011 జూన్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కూడా దాన్నే పట్టుకుంది. కొత్తవారికి 80 మొదలుపెట్టవద్దంది తప్ప జన్యు పరీక్ష తప్పనిసరి అనలేదు.

అంతకుముందు 2001 ఆగస్టులో బేయర్ మందుల కంపెనీ సెరివాస్టాటిన్ అనే తన స్టాటిన్‌ను వెనక్కి తీసుకుంది. కండరాలు కరిగిపోవడం వల్ల సంభవించిన 52 మరణాలు దానితో ముడిపడ్డాయి. స్టాటిన్ అంటే ఇప్పటికీ ఉన్న బెదురులో ఆ చేదు జ్ఞాపకం పాలు చాలా ఉంది.

పరీక్ష పక్షానికి ఉన్న గట్టి ఆధారం, జన్యువులను బట్టి మందుల వాడకంపై సూచనలిచ్చే సీపీఐసీ అనే నిపుణుల బృందం 2022 మార్గదర్శకాలు. జన్యు ఫలితాన్ని బట్టి ఏ స్టాటిన్, ఎంత మోతాదు అని పట్టికలు ఇచ్చారు. అయితే అవి ఫలితం అప్పటికే చేతిలో ఉన్నవారి కోసం. అసలు పరీక్ష చేయించాలా వద్దా అన్నది వాటి పరిధిలో లేదు.

మనవాళ్లు ఎక్కువగా వాడే రోసువాస్టాటిన్ సంగతి వేరు. 2005లో వెలువడిన సింగపూర్ అధ్యయనంలో, ఒకే మోతాదు తీసుకున్నా భారతీయ మూలాలవారి రక్తంలో ఈ మందు తెల్లవారికన్నా సుమారు 1.6 రెట్లు తేలింది. ఎస్‌ఎల్‌సీవో1బీ1 తేడాలతో దాన్ని వివరించలేకపోయారు. ఆసియావారికి 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టాలన్న సూచన అదే ఏడాది అమెరికాలో ఈ మందుతో పాటు ఇచ్చే అధికారిక సూచనల పత్రంలోకి ఎక్కింది. దాన్ని పాటించడానికి ఏ పరీక్షా అక్కర్లేదు.

ఇక కాళ్ల పీకుడు. లండన్ ఇంపీరియల్ కాలేజీవారి ‘శాంసన్’ ప్రయోగంలో చేరిన 60 మందీ మొదలుపెట్టిన రెండు వారాల్లోపే స్టాటిన్ మానేసినవారు. ఒక్కొక్కరికి 12 సీసాలు ఇచ్చారు: నాలుగింటిలో అటోర్వాస్టాటిన్, నాలుగింటిలో మందు లేని మాత్రలు, నాలుగు ఖాళీ. నెలకో సీసా. బాధ ఎంతుందో సున్నా నుంచి వంద లోపు అంకెగా రోజూ ఫోనులో నమోదు చేశారు. మాత్రే లేని నెలల్లో సగటు 8.0, స్టాటిన్ నెలల్లో 16.3, ఉత్త మాత్ర నెలల్లో 15.4. అంటే మాత్రలో మందు ఉన్నా లేకున్నా బాధ దాదాపు ఒక్కటే. ఆ నొప్పి కల్పన కాదు, వాళ్లు అనుభవించిందే. చివర్లో ఎవరి అంకెలు వారికి చూపించారు. ఆరు నెలల తర్వాత చూస్తే సగం మంది మళ్లీ స్టాటిన్ వేసుకుంటున్నారు.