వర్క్‌ఫ్లోలోకి రావడం తేలికే, బయటపడే దారి ఏది?

మార్కెటింగ్ ఆటోమేషన్ అంటే కస్టమర్లకు మెయిళ్లు పంపడం లాంటి పనులను సాఫ్ట్‌వేర్‌కి అప్పగించడం; ఏం జరిగితే ఏం చేయాలో అందులో రాసిపెట్టిన వరుసే వర్క్‌ఫ్లో. ఇది కొత్తగా నేర్చుకున్నవాళ్లు తాము కట్టిన వర్క్‌ఫ్లోలో ముందుగా చూపించేది ట్రిగ్గర్‌నే, అంటే దాన్ని మొదలుపెట్టే సంఘటననే. "ఫారం నింపగానే ఇది మొదలవుతుందండీ" అని ఉత్సాహంగా చెబుతారు. మరి ఎప్పుడు ఆగుతుందని అడిగితే మాటలుండవు. నేను తరచూ వినే అపోహల్లో సగం అక్కడి నుంచి పుట్టినవే.

అపోహ: చివరి మెయిల్ వెళ్లగానే వర్క్‌ఫ్లో దానంతటదే ముగుస్తుంది, వేరే ఏర్పాటు అక్కర్లేదు.

వాస్తవం: ఐదు మెయిళ్ల వరుసలో రెండోది చదివి కొనేసిన మనిషికి మిగతా మూడూ ఎందుకు? నేను తొలి రోజుల్లో కట్టిన ఒక వర్క్‌ఫ్లోలో ఈ ఆలోచనే లేదు. పూర్తి ధర కట్టి కొన్నవాళ్లకు మర్నాడు పొద్దున్నే "ఇంకా ఆలోచిస్తున్నారా? ఇదిగో డిస్కౌంట్" అని మెయిల్ వెళ్లింది. తేడా డబ్బు వెనక్కి ఇమ్మని వాళ్లు అడిగితే తప్పెలా అవుతుంది? సాఫ్ట్‌వేర్ మాత్రం చెప్పింది చెప్పినట్టే చేసింది. అభిమన్యుణ్ణి పద్మవ్యూహంలోకి పంపినట్టు కస్టమర్‌ని పంపింది నేనే.

అప్పటి నుంచి మూడు ప్రశ్నలకు కాగితం మీద జవాబు రాశాకే సాఫ్ట్‌వేర్ తెరుస్తున్నాను. ఎవరు లోపలికి రాకూడదు? ఏం జరిగితే మధ్యలోనే బయటికి పంపాలి? ఒకసారి వచ్చి వెళ్లినవాళ్లు మళ్లీ రావచ్చా? ఈ మూడోదాన్నే ఎక్కువమంది మర్చిపోతారు. హబ్‌స్పాట్ అనే ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్‌లో అయితే మనం విడిగా ఆన్ చేస్తే తప్ప అదే కాంటాక్ట్ (మన జాబితాలోని మనిషి) రెండోసారి చేరదు. స్వాగత మెయిళ్లకు అది మంచిదే. కానీ డెమో అడిగి వెళ్లిపోయిన మనిషి ఆరు నెలల తర్వాత మనసు మార్చుకుని మళ్లీ ఫారం నింపితే, సేల్స్ టీమ్‌కి కబురే అందదు.

అపోహ: అంతా ఒకే పెద్ద వర్క్‌ఫ్లోలో పెడితే చూసుకోవడం సులువు.

వాస్తవం: మొదటి నెల సులువే. స్వాగత మెయిళ్లు, లీడ్ స్కోరింగ్ (లీడ్‌కి, అంటే కొనే అవకాశమున్న మనిషికి, మార్కులు వేయడం), సేల్స్‌కి అప్పగించడం అన్నీ ఒకదాంట్లోనే ఉంటే, తర్వాత ఒక డిలే (తర్వాతి అడుగుకు ముందు ఆగే సమయం) మార్చాలన్నా టెన్షనే. ఒక వర్క్‌ఫ్లోకి ఒకే పని ఇవ్వండి.

అయితే విడగొడితే ఇంకో చిక్కు వస్తుంది, దాని గురించి చెప్పేవాళ్లు తక్కువ. ఒకే ఫారంతో రెండు వర్క్‌ఫ్లోలు మొదలయ్యాయి అనుకోండి. ఒకటి కాంటాక్ట్ ఏ దేశమో ఫీల్డ్‌లో (కాంటాక్ట్ వివరాల్లోని ఒక గడిలో) నింపుతుంది, రెండోది ఆ దేశాన్ని బట్టి లీడ్‌ని సేల్స్‌వాళ్లకు పంచుతుంది. రెండోది ముందు పరిగెత్తిందా, ఫీల్డ్ ఖాళీ, లీడ్ ఎటో పోతుంది. చాలామంది మధ్యలో ఐదు నిమిషాల డిలే పెట్టి సరిపెడతారు. నా మాట వింటే రెండోదానికి ఫారం ట్రిగ్గర్ తీసేసి, "దేశం ఫీల్డ్ నిండినప్పుడు" అని పెట్టండి. అలాగే ఒక ఫీల్డ్‌ని ఒక్క వర్క్‌ఫ్లో మాత్రమే రాయాలి. రెండు రాస్తే ఒకటి మార్చినదాన్ని ఇంకొకటి తిరగరాస్తుంది. ఆ మార్పు మళ్లీ మొదటిదాన్ని లేపితే ఇక అంతు ఉండదు.

అపోహ: మెయిల్ తెరిచారా లేదా అన్నదాన్ని బట్టి బ్రాంచ్ (దారి రెండుగా చీలే చోటు) పెడితే చాలు.

వాస్తవం: 2021లో ఐఓఎస్ 15తో ఆపిల్ మెయిల్‌లో ప్రైవసీ రక్షణ వచ్చింది. మెయిల్ తెరిచారని సాఫ్ట్‌వేర్ గుర్తించేది అందులోని బొమ్మ లోడ్ అవడాన్ని బట్టే. ఆ రక్షణ ఆన్‌లో ఉంటే బొమ్మలు ముందే లోడ్ అయిపోతాయి, మనిషి చూడకపోయినా మన లెక్కలో ఓపెన్ పడుతుంది. క్లిక్‌లనూ గుడ్డిగా నమ్మలేం. కొన్ని ఆఫీసుల సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ లింకులన్నీ తానే తెరిచి తనిఖీ చేస్తుంది. కొనుగోలు, జవాబు, ఫారం, లాగిన్ లాంటి వాటి మీద బ్రాంచ్ పెట్టుకోండి.

అపోహ: అన్‌సబ్‌స్క్రైబ్ (ఇక మెయిళ్లు వద్దనే) లింక్ అడుగున ఎక్కడో ఉంటే సరిపోతుంది.

వాస్తవం: 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ నిబంధనలు బిగించాయి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు పైగా మెయిళ్లు పంపేవాళ్లకు మెయిల్ నిజంగా మన దగ్గర్నుంచే వచ్చిందని రుజువు చేసే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ ఉండాలి, ప్రచార మెయిళ్లలో ఒక్క క్లిక్‌తో తప్పుకునే వీలుండాలి, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతం చేరకూడదు. వద్దన్నవాళ్లను రెండు రోజుల్లోగా ఆపాలి. అంటే మూడు రోజుల డిలేలో కూర్చున్న కాంటాక్ట్‌ని కూడా, తర్వాతి మెయిల్ వెళ్లేలోపే తీసేయాలి.

అపోహ: టెస్ట్ మెయిల్ బాగా వచ్చింది, ఇక ఆన్ చేసేయొచ్చు.

వాస్తవం: దాంతో తేలింది మెయిల్ సంగతి, దారి సంగతి కాదు. పేరు ఖాళీగా ఉన్న కాంటాక్ట్ ఒకటి, ఇప్పటికే కొన్నది ఒకటి, అన్‌సబ్‌స్క్రైబ్ చేసింది ఒకటి తయారుచేసి, ఒక్కొక్కదాన్నీ లోపలికి పంపి చూడండి. ఆన్ చేసేటప్పుడు చాలా సాఫ్ట్‌వేర్‌లు ఇంకో ప్రశ్న వేస్తాయి: షరతులకు సరిపోయే పాత కాంటాక్ట్‌లను కూడా చేర్చాలా, లేక ఇకపై వచ్చేవాళ్లనేనా అని. తొందరలో చదవకుండా ఓకే కొడితే, మూడేళ్లుగా మీ దగ్గరున్న కస్టమర్‌కి "మా కుటుంబంలోకి స్వాగతం" అని మెయిల్ వెళ్తుంది.